అమెరికాలో దిగాక సంగతేంటి? నల్లగొండ, పాలమూరు పిల్లలు, వాళ్ల ఇంటివాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ యూనివర్సిటీకి అప్లై చేయాలి, వీసా ఇంటర్వ్యూలో ఏం మాట్లాడాలి అని చెప్పడానికి హైదరాబాద్‌లో గల్లీకో కన్సల్టెన్సీ ఉంది. విమానం దిగినంక ఎలా బతకాలో చెప్పేవాళ్లే తక్కువ. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు నుంచి ఎమ్మెస్‌కు వెళ్లేవాళ్లు, వాళ్ల అమ్మానాయినలు మళ్లీ మళ్లీ అడుగుతున్నవి ఇక్కడ రాశాను. వీసా నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ విషయంలో చివరి మాట మీ యూనివర్సిటీలోని ఇంటర్నేషనల్ ఆఫీసుదే. సీనియర్ అన్న చెప్పిందీ కాదు, నేను చెప్పిందీ కాదు.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. ఏమన్నా ఇబ్బందా?

ఇబ్బందే. పేరంతా ఒకే గడిలో ఉండి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసా మీద మొత్తం పేరు ఇంటిపేరు కింద పడుతుంది. మొదటి పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని ముద్రిస్తారు. ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అన్నమాట. ఆ తర్వాత కాలేజీ ఐడీ, బ్యాంకు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, అన్నింటి మీదా అదే పేరు. క్లాసులో ప్రొఫెసర్ కూడా అదే పేరని పిలుస్తాడు.

ఐ-20 (సీటు వచ్చాక వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే కాగితం) రాకముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి. దానికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు, నల్లగొండ, మహబూబ్‌నగర్ పోస్టాఫీసుల్లోనే పాస్‌పోర్టు సేవా కేంద్రాలు ఉన్నాయి. టెన్త్ మెమోలో ఉన్న స్పెల్లింగే వాడండి.

సూట్‌కేసులో ఏం పెట్టుకోవాలి? ఏం పెట్టొద్దు?

మామిడి తొక్కు, చింతకాయ తొక్కు, కారప్పొడి, సకినాలు పట్టుకెళ్లొచ్చు. చికెన్ తొక్కు, మటన్ తొక్కు కుదరదు. మాంసంతో చేసినవి కస్టమ్స్‌లో పట్టుకుంటే డస్ట్‌బిన్‌లోకే. పచ్చి కరివేపాకు కూడా తేనివ్వరు. నిమ్మ, బత్తాయి జాతి చెట్లకు తెగులు మోసే పురుగు ఆ ఆకు మీద బతుకుతుంది కాబట్టి వాళ్లకు భయం. బత్తాయి తోటల నల్లగొండ వాళ్లకు ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు. విత్తనాలు, పచ్చి పండ్లు కూడా వద్దు. ఫారంలో ‘తినేవి ఉన్నాయా’ అని అడిగితే ఉన్నాయనే రాయండి. ఉన్నాయని చెప్తే మహా అయితే తీసి పారేస్తారు, దాచిపెడితే జరిమానా వేస్తారు.

ఐ-20, పాస్‌పోర్టు, ఫీజు రసీదులు, బ్యాంకు కాగితాలు చేతి సంచిలోనే ఉండాలి. అమెరికాలో మొదట దిగిన ఎయిర్‌పోర్టులోనే ఇమిగ్రేషన్ అధికారి అడుగుతాడు, పెద్ద బ్యాగులు అప్పటికి మీ చేతికి రావు. పవర్‌బ్యాంకు కూడా చేతి సంచిలోనే. అక్కడి నుంచి ఇంకో విమానం ఎక్కాల్సి ఉంటే, దిగిన చోటే బ్యాగులు తీసుకుని మళ్లీ అప్పగించాలి. చాలామంది బ్యాగులు నేరుగా చివరి ఊరికే వస్తాయనుకుని ముందుకు నడిచేస్తారు.

మిక్సీ మాత్రం మోసుకెళ్లకండి. మన కరెంటు 230 వోల్టులు, వాళ్లది 120. మన మిక్సీ, మన రైస్ కుక్కర్ అక్కడ సరిగా పనిచేయవు. ప్రెషర్ కుక్కర్‌కు కరెంటుతో పనిలేదు కాబట్టి అది పెట్టుకోండి, గాస్కెట్లు రెండు ఎక్కువ వేసుకోండి. ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్లకు ప్లగ్గు అడాప్టర్ ఒక్కటి చాలు.

పళ్లు నొప్పి ఉంటే బయల్దేరేలోపే చూపించుకోండి. స్టూడెంట్ ఇన్సూరెన్సులో పంటి వైద్యం చాలాసార్లు ఉండదు. కళ్లద్దాలు రెండు జతలు చేయించుకోండి. ఎమ్మెమ్మార్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా రెండు డోసులు వేసుకున్నట్టు కాగితం అడుగుతారు. చిన్నప్పటి కార్డు పోయి ఉంటే మళ్లీ వేయించుకోవడమే సులువు. టీబీ పరీక్ష చర్మం మీద చేస్తే, చిన్నప్పుడు మనకు వేసిన బీసీజీ వల్ల ఉత్తగనే పాజిటివ్ రావచ్చు. రక్త పరీక్ష చేయమని అడగండి.

ఎప్పుడు దిగాలి? దిగిన వారంలో చేయాల్సిన పనులేంటి?

ఐ-20లో ఉన్న ప్రారంభ తేదీకి 30 రోజుల కంటే ముందు దేశంలోకి రానివ్వరు. దిగాక ఇంటర్నేషనల్ ఆఫీసులో చెక్-ఇన్, తర్వాత సిమ్, తర్వాత బ్యాంకు. బ్యాంకు ఖాతాకు పాస్‌పోర్టు, ఐ-20, ఉంటున్న అడ్రసు రుజువు చాలాచోట్ల సరిపోతాయి. సోషల్ సెక్యూరిటీ నంబరు (జీతానికి, ట్యాక్సుకు వాడే అక్కడి ప్రభుత్వ నంబరు) లేదని కంగారుపడొద్దు. క్యాంపస్‌లో ఉద్యోగం ఖాయమయ్యాకే దానికి అప్లై చేసేది. రూమ్ మారితే 10 రోజుల్లోపు కొత్త అడ్రసు యూనివర్సిటీకి చెప్పాలి. ఇది చాలామంది మరిచిపోతారు.

రూమ్ ముందే మాట్లాడుకోవచ్చా? వాట్సాప్ గ్రూపులో ఒకాయన అడ్వాన్స్ పంపమంటున్నాడు.

పంపకండి. ఆ రూమ్‌లో ప్రస్తుతం ఉంటున్న మనిషితో వీడియో కాల్ మాట్లాడి, ఇల్లు తిప్పి చూపించమని అడిగి, ఆ అపార్ట్‌మెంట్ ఆఫీసుకు ఫోన్ చేసి ఆ మనిషి నిజంగా అక్కడే ఉంటున్నాడా అని కనుక్కున్నాకే పైసల మాట. తప్పనిసరైతే మొదటి వారం, పది రోజులు సీనియర్ల రూమ్‌లో సర్దుకోండి. మన జిల్లాల పిల్లలు ఈ విషయంలో ఒకరికొకరు బాగానే ఆసరా అవుతారు.

లీజు మీద సంతకం పెట్టేముందు చదవండి. నలుగురు కలిసి సంతకం పెడితే ఒకడు మధ్యలో వెళ్లిపోయినా మిగతా ముగ్గురే అతని వాటా కట్టాల్సి రావచ్చు. దిగిన రోజే గోడలు, కార్పెట్, స్టవ్, బాత్‌రూమ్ అన్నీ వీడియో తీసి ఆఫీసుకు మెయిల్ చేయండి. ఖాళీ చేసేటప్పుడు పాత పసుపు మరక మీ లెక్కలో వేయకుండా అదే కాపాడుతుంది.

తాళింపు వేస్తే ఫైర్ అలారం మోగుతుందట, నిజమేనా?

నిజమే. ఎండుమిరపకాయల పొగకు మోగుతుంది. క్యాంపస్ హాస్టల్లో అయితే బిల్డింగంతా ఖాళీ చేయించి ఫైరింజన్ వచ్చేస్తుంది, చలికాలంలో రాత్రిపూట రెండొందల మంది చెప్పుల్లేకుండా బయట నిలబడి ఎవరి వంటా అని చూస్తుంటారు.

అక్కడ చాలా ఇళ్లలో గ్యాస్ ఉండదు, కరెంటు చుట్ట స్టవ్ ఉంటుంది. దాని గుణం వేరు. వేడెక్కడానికి టైం పడుతుంది, ఆపేశాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది. మన అలవాటు ప్రకారం ఆవాలు చిటపటమన్నాక మంట తగ్గిస్తే సరిపోదు, గిన్నెనే పక్కకు దించాలి. ముందు పైన ఫ్యాన్ వేయండి, కిటికీ తెరవండి. నూనె సగం వేడి మీదే కాగనివ్వండి. జీలకర్ర, ఆవాలు, వెల్లుల్లి అయ్యాక గిన్నె దించి, ఎండుమిరపకాయలు ఆ వేడికే వేయండి. అలారానికి ప్లాస్టిక్ కవర్ చుట్టేవాళ్లు ఉన్నారు. అది నిజంగా ప్రమాదం, పైగా పట్టుబడితే జరిమానా.

జొన్నరొట్టె గురించి పాలమూరు వాళ్లు తప్పకుండా అడుగుతారు. ఇండియన్ స్టోర్లో ‘జోవార్’ అని రాసి ఉన్నదే జొన్నపిండి. కానీ అది ఎన్నడో పట్టించినది, జిగి ఉండదు, తట్టితే అంచులు పగులుతాయి. నీళ్లు తెర్లుతుండగానే పిండిలో పోసి, గరిటెతో కలిపి, మూత పెట్టి, చేయి పట్టేంత వేడికి వచ్చాక గట్టిగా పిసకండి. చేత్తో తట్టడం రాకపోతే రెండు ప్లాస్టిక్ కవర్ల మధ్య పెట్టి ఒత్తండి. అమ్మకు చెప్పకపోతే చాలు.

నల్లా నీళ్లు తాగొచ్చా? నీళ్లలో ఫ్లోరైడ్ కలుపుతారని చదివి మా నాయిన భయపడుతున్నాడు.

ఆ భయం ఊరికే రాలేదు. మునుగోడు, మర్రిగూడ వైపు బోరు నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన మనుషులను చూసిన ఇంట్లో ‘ఫ్లోరైడ్ కలిపిన నీళ్లు’ అంటే ఎవరికైనా గుండె జారుతుంది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు. అక్కడేమో చాలా ఊళ్లలో పళ్లు పుచ్చిపోకుండా కావాలనే కలుపుతారు.

తేడా అంతా మోతాదులోనే. అమెరికా ప్రభుత్వం సూచించిన మోతాదు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. మన దేశపు తాగునీటి ప్రమాణంలో 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా. మన ఫ్లోరైడ్ ఊళ్ల బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. యూటా, ఫ్లోరిడా రాష్ట్రాలు 2025లో కలపడమే ఆపేశాయి. ఊళ్లో నీళ్లు సరఫరా చేసేవాళ్లు ప్రతి ఏటా నీళ్ల నాణ్యత రిపోర్టు ఇస్తారు, అందులో అంకె చూసి నాయినకు పంపండి. నీళ్ల బాటిళ్లు కొనుక్కుంటూ పోతే నెలకు దండగ ఖర్చు.

క్లాసులో ఏం అర్థం కాకపోతే ఎవరిని అడగాలి? ప్రొఫెసర్‌ను ‘సర్’ అనొచ్చా?

‘ప్రొఫెసర్’ అని ఇంటిపేరు కలిపి పిలవండి. ఆయనే పేరు పెట్టి పిలవమంటే పిలవండి, కొత్తలో నోరు రాదు, తర్వాత అలవాటవుతుంది.

అడగడం అనేది మాత్రం మనవాళ్లకు నిజంగా కష్టమైన పని. ఇంజనీరింగ్‌లో లేచి నిలబడి డౌటడిగితే ‘ఇంతసేపు ఏం విన్నావ్’ అనే మాట పడేది. అందుకే నోరు మూసుకోవడం నేర్చుకున్నాం. అక్కడ ప్రతి ప్రొఫెసర్ వారంలో కొన్ని గంటలు ఆఫీస్ అవర్స్ అని పెడతాడు, ఆ టైంలో తలుపు తెరిచే ఉంటుంది. ఎవరూ రాకపోతే ఖాళీగా కూర్చుంటాడు. వెళ్లి, ‘ఈ లెక్కలో ఇక్కడి దాకా వచ్చాను, ఇక్కడ ఆగిపోయాను’ అని కాగితం ముందు పెట్టండి. ‘ఏం అర్థం కాలేదు సర్’ అంటే ఆయనకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. రీసెర్చ్ అసిస్టెంట్ పనులు, రికమెండేషన్ లెటర్లు చాలావరకు ఈ గదుల్లోంచే పుడతాయి.

చదువులోనే కాదు. ఫీజు వాయిదా కావాలన్నా, పరీక్ష రోజు జ్వరమొచ్చినా, రూమ్‌మేట్‌తో పడకపోయినా అంతే. గడువు దాటకముందే మెయిల్ పెడితే దారి దొరుకుతుంది. దాటాక బతిమాలితే దొరకదు. మన దగ్గర ఆఫీసులో ఎవరో ఒకరు జాలిపడి సంతకం పెట్టేస్తారు. అక్కడి గుమాస్తా ఎంతో మర్యాదగా నవ్వి, కుదరదని చెప్తుంది.

అసైన్‌మెంట్ దోస్తుది చూసి రాస్తే?

ల్యాబ్ రికార్డులు ఒకరిది చూసి పదిమంది రాసిన రోజులు మరిచిపోండి. సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది. ఇచ్చినవాడికీ, చూసినవాడికీ ఒకే శిక్ష. సబ్జెక్టులో ఎఫ్, అంటే ఫెయిల్ రావచ్చు, యూనివర్సిటీ నుంచి తీసేస్తే వీసా స్టేటస్ కూడా పోతుంది. ఏఐ వాడొచ్చా లేదా అన్నది సిలబస్ కాగితంలో ఉంటుంది, ఒక్కో ప్రొఫెసర్‌ది ఒక్కో రూల్.

వారానికి ఎన్ని గంటలు పని చేయొచ్చు? ఆ పైసలతో లోన్ తీరుతుందా?

చదువు జరుగుతున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు, సెలవుల్లో అంతకంటే ఎక్కువ. గంటకు 10 డాలర్లు అనుకుంటే వారానికి 200, నెలకు 800 చిల్లర. రూమ్ అద్దెలో వాటా, సరుకులు, ఫోన్ బిల్లు అందులో వెళ్తాయి. ఫీజు వెళ్లదు. లోన్ అసలే తీరదు. పార్ట్‌టైమ్‌తో అంతా గడిచిపోతుందని ఎవరైనా చెప్తే వాళ్లకు కమిషన్ ఎక్కడ వస్తుందో చూడండి.

చదువు అయ్యాక ప్రస్తుత నిబంధన ప్రకారం ఓపీటీ (చదివిన రంగంలో ఉద్యోగం చేసే అనుమతి) 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కోర్సులైతే ఇంకో 24 నెలల పొడిగింపు. చదువుతూ ఇంటర్న్‌షిప్ చేయడానికి సీపీటీ ఉంది, మామూలుగా ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు వాడేస్తే అదే స్థాయి చదువుకు ఓపీటీ ఉండదు.

గ్యాస్ స్టేషన్లో, హోటల్లో క్యాష్ ఇచ్చి పని ఇస్తామంటున్నారు. అందరూ చేస్తున్నారు కదా?

కొందరు చేస్తున్నారు. ఎందుకు చేస్తున్నారో కూడా తెలుసు. పొలం తాకట్టు పెట్టి, బయట వడ్డీకి తెచ్చి పంపిన ఇంటికి మొదటి నెల నుంచే పైసలు పంపాలన్న తొందర. కానీ అనుమతి లేని పని చేస్తే ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా స్టేటస్ పోతుంది. మిగతా కొన్ని పొరపాట్లకు స్టేటస్ తిరిగి ఇవ్వమని అర్జీ పెట్టుకోవచ్చు, అనుమతి లేని పనికి ఆ దారి కూడా మూసుకుపోతుంది. ఇంకొకటి, అలాంటి చోట యజమాని జీతం ఎగ్గొడితే మీరు ఎవరికీ చెప్పుకోలేరని భయపడతారు. అది అతనికీ తెలుసు.

పాలమూరు నుంచి ముంబయి, పుణె పోయిన మన పెద్దలకు మేస్త్రీ ముందే అడ్వాన్స్ చేతిలో పెట్టి తీసుకుపోయేవాడు, ఆ బాకీ తీరేదాకా ఎంత ఇబ్బంది పడ్డా వెనక్కి తిరిగేవాళ్లు కాదు. ఎమ్మెస్ లోన్ కూడా మనిషిని అలాగే కట్టేస్తుంది. వెళ్లేముందే కనీసం మొదటి ఏడాది ఫీజు, ఖర్చు రెండూ పక్కన పెట్టుకుని వెళ్లమనడం అందుకే. అర్హత ఉన్నవాళ్లు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, మహాత్మా జ్యోతిబా ఫూలే బీసీ ఓవర్సీస్ విద్యానిధి, మైనారిటీలకు ఉన్న సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కోసం అప్లై చేయండి. వీటిలో 20 లక్షల వరకు సాయం ఉంటుంది. ఆదాయ పరిమితి, చివరి తేదీ ఈపాస్ వెబ్‌సైట్లో చూసుకోండి. డబ్బు చేతికి రావడానికి టైం పడుతుంది, ఆ లెక్కతోనే మొదటి సెమిస్టర్ ఫీజు సర్దుకోండి.

ఆదాయమే లేదు, ట్యాక్స్ ఫారం ఎందుకు?

ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు సంపాదన లేకపోయినా ఫారం 8843 పంపాలి. క్యాంపస్ జీతం ఉంటే 1040-ఎన్ఆర్ అనే ట్యాక్స్ రిటర్ను కూడా వేయాలి, గడువు ఏప్రిల్ 15. భారతీయ విద్యార్థులకు రెండు దేశాల ఒప్పందం వల్ల స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో కొంత మొత్తానికి ట్యాక్స్ మినహాయింపు) దొరుకుతుంది, మిగతా చాలా దేశాల పిల్లలకు అది లేదు. మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (అక్కడి పెన్షన్, వృద్ధుల వైద్యం కోసం పట్టే పన్ను) కోత పడకూడదు. పే స్లిప్పులో పడితే అడగండి.

జ్వరమొస్తే?

ముందు క్యాంపస్ హెల్త్ సెంటర్. అది మూసి ఉంటే అర్జెంట్ కేర్ అనే క్లినిక్. ప్రాణం మీదికి వస్తేనే ఎమర్జెన్సీ, ఎందుకంటే అంబులెన్సుకు వేరే బిల్లు, ఎమర్జెన్సీకి వేరే బిల్లు వస్తాయి. అలాగని ఛాతీ నొప్పి వస్తే బిల్లు గురించి ఆలోచిస్తూ కూర్చోవద్దు, అత్యవసర నంబరు 911 కొట్టండి. మెడికల్ షాపులో అడిగితే యాంటీబయాటిక్ గోలీలు ఇవ్వరు, చీటీ ఉండాల్సిందే.

చలి తట్టుకోగలమా?

ఏ రాష్ట్రమన్నదాన్ని బట్టి. టెక్సాస్ ఎండలు మనకు అలవాటైనవే. ఉత్తరాన అయితే మందపాటి కోటు అక్కడే కొనండి, ఇక్కడ కొన్నది సరిపోదు. ఫారెన్‌హీట్ లెక్క తెలియక తికమక పడతారు. అంకెలోంచి 30 తీసేసి సగం చేస్తే దాదాపు మన డిగ్రీలు వస్తాయి. 32 అంటే నీళ్లు గడ్డకట్టే చలి.

చలి కంటే కష్టం చీకటి. డిసెంబర్‌లో ఉత్తరాది ఊళ్లలో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు మునుగుతుంది. క్లాసు నుంచి బయటికొచ్చేసరికి రాత్రి అయి ఉంటుంది. మధ్యాహ్నం ఒక అరగంట బయట నడవండి.

ఏం తోచట్లేదు, ఏడుపొస్తోంది. ఇది నాకొక్కడికేనా?

కాదు. మొదటి నెల కొత్తదనంలో గడిచిపోతుంది. అక్టోబర్, నవంబర్‌లో పరీక్షలు, చలి, ఇంటి బెంగ అన్నీ కలిసి మీద పడతాయి. దాదాపు అన్ని యూనివర్సిటీల్లో కౌన్సెలింగ్ సెంటర్ ఉంటుంది, చాలాచోట్ల కొన్ని సార్లు ఉచితం. అక్కడికి వెళ్తే పిచ్చి అని ముద్ర వేస్తారనుకోవద్దు, ఇంట్లోవాళ్లకూ చెప్పరు. చచ్చిపోవాలనిపిస్తే ఆ క్షణమే 988 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. రోజంతా, రాత్రంతా ఎత్తుతారు. రూమ్‌మేట్ తినడం మానేసి, క్లాసులకు పోకుండా పడుకునే ఉంటే ‘మూడ్ బాలేదేమో’ అని వదిలేయకండి, చేయి పట్టుకుని తీసుకెళ్లండి.

అందరూ తెలుగువాళ్లే ఉన్న రూమ్‌లో ఉంటే బెంగ తగ్గుతుంది, ఇంగ్లీషు కూడా అక్కడే ఆగిపోతుంది. ప్రాజెక్టు గ్రూపులోనైనా వేరే దేశం వాళ్లను వెతుక్కోండి.

బతుకమ్మ ఆడతారా అక్కడ?

బ్రహ్మాండంగా. అయితే సద్దుల రోజున కాకుండా దగ్గరి శనివారమో ఆదివారమో, ఏదో ఒక స్కూల్ హాల్ అద్దెకు తీసుకుని. తంగేడు, గునుగు దొరకవు, స్టోర్‌లో దొరికే చామంతులు, గులాబీలతో పేరుస్తారు. విద్యార్థులకు ఇందులో అసలు లాభం సత్తుపిండి, పులిహోర. ఒక పూట వంట తప్పుతుంది.

ఇక్కడి లైసెన్సుతో కారు నడపొచ్చా?

ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని వెళ్లండి, ఏడాది చెల్లుతుంది. ఎన్నాళ్లు ఒప్పుకుంటారన్నది రాష్ట్రాన్ని బట్టి. స్కూల్ బస్సు ఎర్ర లైట్లు వెలిగించి ఆగితే మామూలు రోడ్డు మీద ఎదురుగా వచ్చే బండ్లు కూడా ఆగాలి. పోలీసు ఆపితే కారు దిగొద్దు. ఇక్కడ మర్యాద కొద్దీ దిగి దగ్గరికి పోతాం, అక్కడ దాన్ని వేరేగా అనుకుంటారు. చేతులు స్టీరింగ్ మీద కనపడేలా పెట్టి కూర్చోండి.

అమ్మానాయినలు అడిగేది: ఎప్పుడు ఫోన్ చేయాలి? సరిగా మాట్లాడటం లేదు.

నల్లగొండలో రాత్రి 9 అయితే ఎండాకాలంలో న్యూయార్క్‌లో పొద్దున 11:30, డాలస్‌లో 10:30. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు, అప్పటి నుంచి 10:30, 9:30. మార్చి రెండో ఆదివారం మళ్లీ ముందుకు. పిల్లవాడు క్లాసులో ఉంటే ముక్తసరిగానే మాట్లాడతాడు. వారానికి రెండు రోజులు టైం అనుకుని చేసుకోండి. ‘జాబ్ వచ్చిందా’ అనే మాటతో మొదలుపెట్టకండి. పక్కింటివాళ్ల అబ్బాయి ఎంత పంపుతున్నాడన్న లెక్క కూడా వద్దు.

మీ వాడు అరెస్టయ్యాడు, వెంటనే డబ్బు పంపండి అని ఫోన్ వచ్చింది.

మోసం. గొంతు మీ పిల్లవాడిదే అనిపించినా పెట్టేసి, అతని నంబరుకు మీరే చేయండి. పిల్లలకూ ఇలాంటివే వస్తాయి, ఇమిగ్రేషన్ ఆఫీసు అని చెప్పి గిఫ్ట్ కార్డులు కొనమంటారు. ఏ ప్రభుత్వ ఆఫీసూ గిఫ్ట్ కార్డుల్లో డబ్బు తీసుకోదు.

రెండు రోజులుగా ఫోన్ ఎత్తట్లేదు. ఎవరిని అడగాలి?

ముందు రూమ్‌మేట్లు. తర్వాత యూనివర్సిటీ క్యాంపస్ పోలీసు. మీ పిల్లల మార్కులు చెప్పమంటే పిల్లల అనుమతి లేకుండా యూనివర్సిటీ చెప్పదు. కానీ ‘మా అబ్బాయి రెండు రోజులుగా దొరకడం లేదు, వెళ్లి చూసిరండి’ అంటే మనిషిని పంపిస్తారు. దాన్ని వెల్‌ఫేర్ చెక్ అంటారు, ఆ మాట వాడితే వెంటనే అర్థమవుతుంది. ఇంగ్లీషు రాకపోతే ఊళ్లో టీచర్‌నో, చదువుకున్న మేనల్లుడినో పక్కన కూర్చోబెట్టుకోండి. అక్కడా పని కాకపోతే భారత ప్రభుత్వం ‘మదద్’ పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు. వాషింగ్టన్‌లో మన ఎంబసీ, న్యూయార్క్, షికాగో, హ్యూస్టన్, అట్లాంటా, శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటెల్‌లో కాన్సులేట్లు ఉన్నాయి. ఏ రాష్ట్రం ఎవరి కిందికి వస్తుందో ముందే చూసి పెట్టుకోండి.

911 ఇండియా నుంచి కొడితే కలవదు. అందుకే పిల్లలు దిగిన వారంలోనే ఇద్దరు రూమ్‌మేట్ల నంబర్లు, క్యాంపస్ పోలీసు 10 అంకెల నంబరు, ఇంటర్నేషనల్ ఆఫీసు నంబరు, రూమ్ అడ్రసు రాయించుకోండి. ముందు ప్లస్ 1 కొట్టాలి. ఒక్క ఫోన్‌లోనే ఉంచుకోకుండా కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి, రూమ్ మారిన ప్రతిసారీ మార్చండి.